ఇతరుల కోసం మింగే మాత్ర

ఒంట్లో ఏ బాధా లేని మనిషి, ఊళ్లో మరొకరి కాలు వాయకుండా ఉండడం కోసం మందు మింగాలా? గోదావరి డెల్టాలో ఇది చర్చ కోసం కల్పించుకున్న ప్రశ్న కాదు. దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో 2004 నుంచి ఏడాదికొకసారి ఇంటింటికీ మాత్రలు పంచే కార్యక్రమం నడిచింది. జ్వరం లేనివాళ్లు, వాపు లేనివాళ్లు, ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు లేనివాళ్లు కూడా డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలను ఆరోగ్య కార్యకర్త కళ్లెదుటే మింగాలని అడిగారు. చాలామంది మింగారు. కొందరు చేతిలోకి తీసుకుని, కార్యకర్త గడప దాటగానే గూట్లో పెట్టేశారు. "నాకేం రోగమని?" అన్న వాళ్ల మాటను మొండితనమని కొట్టిపారేయడం సులువు, కానీ న్యాయం కాదు. వైద్యమంటే మనం ఎరిగిన ధర్మం ఒకటుంది: రోగి వస్తాడు, బాధ చెబుతాడు, వైద్యుడు మందిస్తాడు, ఆ మందు ఆ రోగికి మేలు చేస్తుంది. ఇక్కడ ఎవరూ బాధ చెప్పలేదు, మందు మాత్రం ఇంటికి వచ్చింది. దీనికి ధర్మం ఒప్పే ఆధారం ఉందనే నా వాదన. అయితే ఆ ఆధారం రెండు షరతుల మీద నిలబడుతుంది. ఈ మందు ఎవరి మేలు కోసమో దాచకుండా చెప్పాలి. ఇప్పటికే కాలు వాచినవాణ్ని లెక్కలోంచి జారవిడవకూడదు.

ముందు జబ్బు నడిచే తీరు చూడాలి, ఎందుకంటే ధర్మప్రశ్న అందులోంచే పుడుతుంది. ఉకరేరియా బాంక్రాఫ్టీ అనే నులిపురుగు మనిషి శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతుంది. దాని పిల్లలు రాత్రివేళ రక్తంలో తిరుగుతాయి. అందుకే బోదకాలు రక్తపరీక్షకు సిబ్బంది చీకటి పడ్డాక వస్తారు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఆ రక్తం తాగి, ఆ పిల్లలను మరొకరి ఒంట్లోకి చేరుస్తుంది. పురుగు సోకినవాళ్లలో ఎక్కువమందికి పైకి ఏమీ కనబడదు. కాలు లావెక్కదు, వరిబీజం రాదు, గజ్జల్లో బిళ్లలు కట్టి చలిజ్వరం రావడమూ ఉండకపోవచ్చు. అలాంటివాడు పొలానికో వేటకో వెళ్లి వస్తూనే ఉంటాడు, అతని రక్తం మాత్రం ఊరి దోమలకు అందుతూ ఉంటుంది. ఇక "నాకేం రోగమని?" అన్న ప్రశ్నకు అడిగినవాడే జవాబు చెప్పలేడు. ఊరందరి రక్తమూ రాత్రిళ్లు పరీక్షించడం సాధ్యమయ్యే పని కాదు. కాబట్టి రెండేళ్లలోపు పిల్లలను, గర్భిణులను, తీవ్రంగా జబ్బుపడినవాళ్లను మినహాయించి మిగిలిన అందరికీ మందిస్తారు. మాత్ర రక్తంలోని పిల్లపురుగులను బాగా చంపుతుంది గానీ పెద్ద పురుగులన్నిటినీ చంపలేదు. అందుకే ఏటా ఒకసారి చొప్పున కనీసం ఐదేళ్లు, మొత్తం జనాభాలో నూటికి 65 మందికి తగ్గకుండా మింగితే తప్ప దోమకు దొరికే పురుగు తగ్గదు. ఏటిగట్టు లాంటిది ఇది: ఒకరి చేను పక్కన గండి పడితే మునిగేది ఆ చేను ఒక్కటే కాదు.

ఈ మాత్ర వెనుక ఈ డెల్టాలోనే పుట్టిన ఒక వైద్యుడున్నాడు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు. తర్వాత మద్రాసులో వైద్యం చదివారు. ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుజబ్బు తీసుకుపోయింది, అదే జబ్బు తనకూ వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి నయం చేశారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాతో, మామగారి సాయంతో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, కండరాలకు శక్తినిచ్చే రసాయనాలను వెలికితీశారు. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లాక ఆయన నడిపిన పరిశోధన ఎన్ని దారుల్లో సాగిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది: రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం, దాన్ని అడ్డుకుని పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా లొంగదీసిన అమినాప్టెరిన్, నేలలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ తీసిన ఆరియోమైసిన్, 1947లో హెట్రజాన్ పేరుతో వెలువడిన డీఈసీ. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఈ పురుగు సోకడం ఆ చివరి వెతుకులాటకు ఊపునిచ్చింది. తొలి ప్రయోగాల్లో డీఈసీ మింగినవారు ప్యూర్టోరికో రోగులు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, స్వదేశం తిరిగి చూడకుండానే ఆయన కన్నుమూశారు.

ఈ జీవితాన్ని మన జాతి గొప్పగా చెప్పుకుని ఊరుకుంటే దానిలోని తత్త్వం చేజారుతుంది. లెడర్లీకి వెళ్లాక సుబ్బారావు రోగి నాడి పట్టుకున్న వైద్యుడు కాదు. తన మందు ఎవరి రక్తంలోకి వెళ్తుందో, ఎవరి బిడ్డ బతుకుతుందో ఆయనకు తెలియదు. ముఖం తెలియని మనిషి కోసం చేసే వైద్యం అది. ఈ డెల్టాలోనే ఉన్నా పుదుచ్చేరికి చెందిన యానాంలో, ఫరంపేటలో ఒక జాలరి ఇల్లాలు ఒంట్లో ఏ బాధా లేకుండా మాత్ర మింగితే ఆమె చేసిన పనీ అదే కోవలోది. ఆమె వల్ల ఏ కాలు వాయకుండా మిగిలిందో ఆమెకు ఎన్నటికీ తెలియదు, మేలు పొందినవాడికీ తెలియదు. మన సంప్రదాయం ఋషిఋణం అని ఒకటి చెప్పింది. జ్ఞానం ఇచ్చినవారి అప్పు వారికి తిరిగి చెల్లించలేం, దాన్ని ముందు తరాలకు అందించడమే చెల్లింపు. భీమవరం వైద్యుడికీ, ప్యూర్టోరికో రోగులకూ ఇవాళ మనం తిరిగి ఇవ్వగలిగింది ఏదీ లేదు. ఆ మాత్రను పనిచేయించడం ఒక్కటే మన చేతిలో ఉంది. దానిని దయ అనడం కంటే అప్పు తీర్చడం అనడమే నాకు సబబుగా తోస్తుంది. దయ చూపడం మానేసే వెసులుబాటు మనిషికి ఉంటుంది, అప్పు ఎగవేసే వెసులుబాటు ఉండదు.

ఇక్కడే బలమైన ఆక్షేపణ వస్తుంది. అప్పు అన్నాక బలవంతంగా వసూలు చేయవచ్చా? ఉప్పులో డీఈసీ కలిపిన ప్రయోగాలు మన దేశంలోనే జరిగాయి. 1980లలో పుదుచ్చేరికే చెందిన కారైకాల్‌లో అలా చేశారు. చైనా మందు ఉప్పును విస్తారంగా వాడి, 2007లో ఆ జబ్బును వదిలించుకుంది. వంటలో మందు వచ్చేస్తే గడపగడపకూ తిరిగి బతిమాలే పని ఉండదు. ఫలితం విషయంలో ఆ పద్ధతికి వంక పెట్టలేం. ధర్మం విషయంలో ఒక తేడా ఉంది. తెలిసి, తన చేత్తో తీసుకున్నది దానమో రుణం తీర్చడమో అవుతుంది, తెలియకుండా ఒంట్లోకి వెళ్లినది ఏదీ కాదు. అందుకే, ఉప్పులోనైనా మాత్రలోనైనా, జనానికి ముందుగా చెప్పి చేయడం నాకు ప్రధానం. ఆల్బెండజోల్ కడుపులోని పురుగులను పోగొడుతుంది, ఆ మేలు నిజమే. అంతమాత్రాన "ఇది బలానికి" అని చెప్పి మింగించడం ఒక్క ఏడాదికి పనికొస్తుంది. మరుసటి ఏడాది అదే ఇంటికి వెళ్లాలి. మాత్ర మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి, తల తిరగడం వస్తాయి. ఒంట్లో పురుగు ఉన్నవాళ్లలోనే అవి ఎక్కువ, ఎందుకంటే చచ్చే పురుగుకు శరీరం స్పందిస్తుంది. ఈ సంగతి ముందే చెబితే ఆ జ్వరం మందు పనిచేస్తోందనడానికి గుర్తవుతుంది, దాచితే మోసానికి రుజువవుతుంది.

రెండో ఆక్షేపణ విశ్వాసం వైపు నుంచి వస్తుంది: బోదకాలు పూర్వజన్మ పాపం, అనుభవించేవాడి కర్మను మరొకరు మాత్రతో ఎలా మారుస్తారు? ఈ మాట అనేవారు తరచు శాస్త్రాన్ని సాక్ష్యం పిలుస్తారు, కానీ ఆ సాక్ష్యం వారికి అనుకూలంగా లేదు. సుశ్రుత సంహిత శ్లీపదాన్ని, అంటే బోదకాలును, వర్ణిస్తూ, పాతనీరు నిలిచే, అన్ని కాలాల్లోనూ చల్లగా ఉండే ప్రాంతాల్లో అది ఎక్కువని గమనించింది. దోమ పాత్ర తెలియని కాలంలోనే వారి చూపు నీటి మీదికి వెళ్లింది. చరక సంహిత దైవాన్ని కాదనలేదు, అయితే బలమైన పురుషప్రయత్నం బలహీనమైన దైవాన్ని దాటగలదని ఒప్పుకుంది. ఫ్రెంచివారి కాలం నుంచి చర్చి ఉన్న యానాంలో మరో సాక్ష్యమూ గుర్తు చేసుకోవచ్చు. పుట్టుగుడ్డివాడు ఎవరి పాపం వల్ల గుడ్డివాడయ్యాడని శిష్యులు అడిగితే, అతని పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదని యేసు చెప్పినట్టు యోహాను సువార్తలో ఉంది. కర్మ సిద్ధాంతాన్ని నమ్మేవారు నమ్మవచ్చు. దాన్ని పొరుగువాడి వాపు మీద తీర్పుగా వాడడానికి మాత్రం ఏ మతమూ మనకు అధికారం ఇవ్వలేదు.

మూడోది రాజకీయ ఆక్షేపణ, నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది అదే. మురుగుకాలువ తీయించని ప్రభుత్వం నా నోట్లో మాత్ర పెట్టడమేమిటి? క్యూలెక్స్ పెరిగేది నిలిచిన మురుగులో, మూతలేని సెప్టిక్ ట్యాంకులో. దాన్ని వదిలేసి మాత్ర మీదే భారం వేస్తే పౌరుడి చేత రుణం చెల్లింపజేసి ప్రభుత్వం తన బాకీ ఎగ్గొట్టినట్టే. ఈ మాట పూర్తిగా నిజం. కానీ ఇందులోంచి మాత్ర మానేయాలన్న నిర్ణయం రాదు, ఇప్పటికే రక్తంలో ఉన్న పురుగు కాలువ శుభ్రమయ్యేదాకా ఆగదు. యానాంలో ఈ చిక్కుకు మరో ముడి ఉంది. యానాం ఆరోగ్యశాఖ 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి నడుస్తుంది, నాలుగు వైపులా ఉన్న ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌వి. 1954లో ఫ్రెంచి జెండా దిగినా పాలనలో ఆ సరిహద్దు మిగిలింది, దోమకు మాత్రం అది ఎన్నడూ లేదు. ఒకవైపు మాత్రలు పంచి మరోవైపు పంచకపోతే రెండు వైపులా శ్రమ వృథా. పొరుగు ధర్మం ఇద్దరు మనుషుల మధ్యే కాదు, రెండు ప్రభుత్వాల మధ్య కూడా వర్తించాలి.

ఇక రెండో షరతు. డీఈసీ వ్యాప్తిని ఆపుతుంది, ఏళ్లుగా లావెక్కిన కాలును మామూలు కాలుగా మార్చదు. ఆ మనిషికి కావలసినవి రోజూ సబ్బుతో కడిగి మెత్తగా తుడుచుకోవడం, వేళ్ల సందుల్లో పుండ్లకు మందు, కాలు ఎత్తుగా పెట్టుకోవడం, సరిపడే చెప్పులు, వరిబీజమైతే శస్త్రచికిత్స. ఇవన్నీ ఖరీదైనవి కావు, కానీ ఎవరో ఒకరు ఏళ్ల తరబడి చూసుకోవాలి. గణాంకాలకు ఈ మనిషి ఇక అడ్డం కాడు, అతని రక్తంలో తరచు పురుగే దొరకదు. నిర్మూలన లెక్కల్లో అతను లేకపోయినా ఏ లక్ష్యమూ చెడదు కాబట్టి అతన్ని మరచిపోవడం చాలా తేలిక. ఆరోగ్యవంతులను అందరి కోసం మందు మింగమన్న సమాజం, ఆ అందరిలో అతను లేడని తేల్చితే, మింగినవారికి ఇచ్చిన మాట తప్పినట్టే. శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా తొలగించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందాయి. మన దేశం 2027ను గడువుగా పెట్టుకుంది. ఆ గుర్తింపు కోరే దేశం రక్తంలో పురుగు తగ్గిందని చూపితే చాలదు, వాచిన కాళ్లకూ వరిబీజానికీ చికిత్స ఎక్కడ దొరుకుతుందో, అలాంటివారు ఎందరున్నారో కూడా చూపాలి. గడువు దగ్గరపడేకొద్దీ, పురుగు లెక్కల కంటే ముందు ఆ రెండో జాబితా ఊరూరా తయారవ్వాలి. మాత్రల పంపిణీ ఆగిపోయిన చోట్ల కూడా దాని అవసరం తీరిపోలేదు.