రోహిణి నది నుంచి చమురు బావి దాకా

పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా మన మధ్య రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, ప్రభుత్వం పన్ను తగ్గించాలని. రెండోది, మన నేలలోనూ మన సముద్రంలోనూ ఉన్న చమురును ఇంకా ఎందుకు తవ్వి తీయడం లేదని. రెండో మాట ఇంజనీర్లు తేల్చవలసిన విషయంలా కనిపిస్తుంది. నిజానికి అది నీతికి సంబంధించిన ప్రశ్న. ఒకరి అవసరం కోసం మరొకరి కాళ్ల కింది నేలను తవ్వే హక్కు ఎవరికి ఉంది? ఎంతవరకు ఉంది? ధమ్మాన్ని ఆశ్రయించిన మనం దీనికి ఏం జవాబు చెప్పాలి?

రాయ్‌పూర్ బస్తీల్లో పని చేసే మాకు ధర పెరగడమంటే పత్రికలో కనిపించే అంకె కాదు. సిల్తరా, ఉర్లా కర్మాగారాలకు కూలికి పోయేవాళ్లు షేర్ ఆటో ఎక్కుతారు. కిరాయి ఐదు రూపాయలు పెరిగితే రానూపోనూ రోజుకు పది, నెలకు రెండు వందల యాభై పైనే. ఆ డబ్బు పిల్లల పాలలోంచి, ముసలివాళ్ల మందుల్లోంచి పోతుంది. కూరగాయలు తెచ్చే బండికి డీజిల్ ధర పెరిగితే టమాటా ధరా పెరుగుతుంది. అందుకని "ధర పెరగనీ, జనం వాడకం తగ్గించుకుంటారు, భూమికి మంచిదే" అనే ఉపదేశం మా నోట రాదు. కారు షెడ్డులో ఉన్నవాడు చెప్పే మాట అది. తథాగతుడు పేదరికాన్ని ధన్యమైన స్థితిగా పొగడలేదని బాబాసాహెబ్ స్పష్టంగా రాశారు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ విద్యుత్తు, నదుల పథకాల గురించి ఎంతో శ్రమించారు. మన మహానది మీద బహుళార్థ సాధక పథకం కోసం 1945 నవంబరులో కటక్‌లో జరిగిన సమావేశానికి అధ్యక్షత వహించింది కూడా వారే. చౌకగా, పుష్కలంగా విద్యుత్తు దొరికితే తప్ప పేదల బతుకు మారదని వారి నమ్మకం. ఇంధనం వద్దనడం మన వాదం కాదు.

అయితే తవ్వితే ధర తగ్గుతుందా? ముందు ఇది తేల్చుకోవాలి. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. దేశంలో తీసిన చమురు కూడా అంతర్జాతీయ ధరను బట్టే అమ్ముడవుతుంది. 2022లో యుద్ధం వల్ల ప్రపంచ ధర పెరిగినప్పుడు ఇక్కడ చమురు తీసే సంస్థలకూ లాభాలు పెరిగాయి. అందుకే ఆ ఏడాది జూలైలో ప్రభుత్వం వాటిపై ప్రత్యేక పన్ను వేసింది. మన బావి చమురు మనకు చౌకగా వస్తుందన్న ఊహ నిజమైతే ఆ పన్ను అవసరమే ఉండేది కాదు. 2020లో దీనికి తలకిందులుగా జరిగింది. కరోనా కాలంలో ముడి చమురు ధర కుప్పకూలింది. ఏప్రిల్ 20న అమెరికా మార్కెట్లో అది సున్నా కంటే కిందికి కూడా పడింది. మన బంకుల్లో ధర ఆ మేరకు తగ్గలేదు. ఆ మే నెలలో కేంద్రం లీటరు పెట్రోలుపై 10 రూపాయలు, డీజిల్‌పై 13 రూపాయలు సుంకం పెంచింది. 2021 నవంబరులో, 2022 మేలో ఆ సుంకం కొంత తగ్గింది. రాష్ట్రాలు వేసే వ్యాట్ దీనికి అదనం. పెట్రోలు, డీజిల్ నేటికీ జీఎస్టీ బయటే ఉన్నాయి.

కాబట్టి ఆటో కార్మికుడు కట్టే ధర చాలావరకు మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయాల ఫలితం. భూమి లోతుల్లో ఏముందన్నది అందులో చిన్న భాగమే. దేశీయ చమురు వల్ల విదేశీ మారకం మిగులుతుంది, పరాయి దేశాల మీద ఆధారం తగ్గుతుంది, ప్రభుత్వానికి రాయల్టీ వస్తుంది. ఈ లాభాలు నిజమైనవే, వాటిని కాదనలేం. కానీ అవి దేశ ఖాతాలో చేరే లాభాలు. వాటిని చూపించి "పేదవాడి కోసమే తవ్వుతున్నాం" అంటే అది సమ్యక్ వాక్కు కాదు.

దీఘ నికాయంలోని మహానిదాన సుత్తంలో తథాగతుడు ఒక గొలుసు చూపించారు. తృష్ణ వల్ల వెతుకులాట, వెతుకులాట వల్ల లాభం, లాభం వల్ల ఇది నాకు, ఇది నీకు అనే లెక్క పుడతాయి. దాని నుంచి మోజు, మమకారం, సొంతం చేసుకోవడం, పిసినారితనం వస్తాయి. తర్వాత సొంతమైనదాన్ని కాపాడుకునే ఆరాటం, చివరికి కర్రలూ కత్తులూ. చమురు చరిత్ర చదివినవారికి ఈ గొలుసులో ఒక్క కొక్కెం కూడా కొత్తగా అనిపించదు. కానీ ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. కూలికి పోయే మనిషికి కావలసిన లీటరు తృష్ణ కాదు, అది అన్నవస్త్రాల వంటి అవసరం. ఒక్క మనిషిని మోసుకుని వెళ్లే పెద్ద కారు తాగే పది లీటర్లను అదే గాటన కట్టలేం. ఈ రెండింటినీ కలిపి "దేశ అవసరం" అని ఒకే పేరు పెట్టడంలోనే మోసం ఉంది. అవసరాన్ని ముందుకు నెట్టి, దాని చాటున తృష్ణ నడుస్తుంది.

ఇక తవ్వే చోట ఏం జరుగుతుందో చూద్దాం. తెలుగువారికి కోనసీమను మించిన పాఠం లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలింది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి పోయారు, కొబ్బరి తోటలు మాడిపోయాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో నిద్రలో ఉన్నవాళ్లూ ఉన్నారు. కోనసీమ గ్యాస్ దూరాన ఉన్న కర్మాగారాలను నడిపింది. ప్రమాదం మాత్రం కోనసీమ పెరట్లోనే ఉండిపోయింది.

చమురుకు బదులు విద్యుత్తు బండ్లు వస్తే ఈ బాధ తీరుతుందని కొందరంటారు. రాయ్‌పూర్ వీధుల్లో ఈ-రిక్షాలు చాలానే తిరుగుతున్నాయి, పొగ లేదు, మంచిదే. కానీ మన రాష్ట్రంలో విద్యుత్తు ప్రధానంగా బొగ్గు నుంచే వస్తుంది. పెట్రోలు తగ్గి విద్యుత్తు పెరిగితే గొయ్యి గల్ఫ్ నుంచి మన అడవికి మారుతుంది. ఉత్తరాన హస్‌దేవ్ అరణ్యంలో అదే గొడవ. అక్కడి బొగ్గు మరో రాష్ట్రపు విద్యుత్ కేంద్రాల కోసం. 2021 అక్టోబరులో ఆ ఊళ్ల ఆదివాసులు సుమారు 300 కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ వచ్చారు. తమ గ్రామసభల సమ్మతి పత్రాలు నకిలీవని వారి ఆరోపణ. 2022 జూలైలో రాష్ట్ర శాసనసభ అక్కడి బొగ్గు గనుల కేటాయింపులు రద్దు చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. 2023 డిసెంబరులో చెట్ల నరికివేత మళ్లీ మొదలైంది.

ఈ రెండు చోట్లనూ కలిపే చట్టపు తీగ ఒకటుంది. 2013 భూసేకరణ చట్టం చివర నాలుగో షెడ్యూలు ఉంది. 1957 బొగ్గు భూముల చట్టం, 1962 పెట్రోలియం పైపులైన్ల చట్టం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. పరిహారం, పునరావాసం నిబంధనలు 2015 నుంచి వీటికీ వర్తించాయి. సామాజిక ప్రభావ అంచనా మాత్రం వర్తించదు. పైపులైను విషయంలో భూమి యజమానిదే అంటారు, కింద గొట్టం వేసుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. గనుల జిల్లాల ప్రజల కోసం 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధి కూడా చమురు బావుల ఊళ్లకు రాదు, ఎందుకంటే ఆ గనుల చట్టం చమురును తన పరిధిలోంచి మినహాయించింది. సహజ వనరులు ప్రజలవి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అని సుప్రీంకోర్టు 1996లో కమల్‌నాథ్ కేసులో, 2010లో కృష్ణా-గోదావరి గ్యాస్ కేసులో చెప్పింది. సమాజపు వనరులు అందరి మేలుకు పంచాలని రాజ్యాంగం 39(బి) అధికరణం చెబుతుంది. సూత్రం బాగుంది. ఆ సూత్రంలోని "ప్రజలు" అనే మాటలో నగరం గ్రామం ఎక్కడుందన్నదే మన ప్రశ్న.

ఇక్కడే రోహిణి నది గుర్తుకు రావాలి. 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' గ్రంథంలో బాబాసాహెబ్ సిద్ధార్థుని గృహత్యాగానికి ముసలివాడు, రోగి, శవం కథను కారణంగా ఒప్పుకోలేదు. రోహిణి నీటి కోసం శాక్యులకూ కోలియులకూ వచ్చిన తగాదాను కారణంగా చూపారు. శాక్య సంఘం యుద్ధం ప్రకటించబోతే సిద్ధార్థుడు అడ్డు చెప్పాడు. మన వైపు నుంచి ఇద్దరు, వారి వైపు నుంచి ఇద్దరు, ఆ నలుగురూ కలిసి ఎన్నుకునే అయిదోవాడు, ఈ ఐదుగురూ తేల్చాలి అన్నాడు. ఆ ప్రతిపాదన ఓడిపోయింది. మెజారిటీకి తలవంచి యుద్ధానికి పోలేదు, సంఘాన్ని ధిక్కరించి కుటుంబాన్ని ఆపదలో పెట్టనూ లేదు. పరివ్రాజకుడై వెళ్లిపోయాడు.

ఆ ప్రతిపాదనను జాగ్రత్తగా చూడండి. నీళ్లు ఎవరూ వాడుకోవద్దని ఆయన అనలేదు. మనకే కావాలనీ అనలేదు. వనరు కావలసినవాళ్లూ, దానివల్ల నష్టపోయేవాళ్లూ సమాన సంఖ్యలో కూర్చోవాలన్నాడు. మధ్యమ మార్గమంటే మాకు అర్థమైనది ఇదే. తవ్వాలనేవాడికి సగం, వద్దనేవాడికి సగం పంచడం మధ్యమ మార్గం కాదు. కోనసీమ రైతును, హస్‌దేవ్ ఆదివాసిని బయట నిలబెట్టి, లోపల కంపెనీ, ప్రభుత్వం కుదుర్చుకునే రాజీ ఎంత తెలివైనదైనా న్యాయం కాదు.

దీన్నుంచి మూడు పరీక్షలు వస్తాయి. ఒకటి, ఈ తవ్వకం ఎవరి ఏ అవసరం కోసమో పేరు పెట్టి చెప్పాలి. రెండు, అదే అవసరం తవ్వకుండా తీరే దారి ముందు చూడాలి. రాయ్‌పూర్‌లో కార్మిక వాడలకు వేళకు సరిపడా సిటీ బస్సులు నడిస్తే మేం చెప్పిన ఆ రెండు వందల యాభై మిగులుతుంది, దానికి కొత్త బావి అక్కర్లేదు. మూడు, నష్టం మోసేవాళ్లు వద్దని చెప్పగలిగి ఉండాలి, ఆ "వద్దు" చెల్లాలి. కాదనే వీలు లేని చోట తీసుకున్న అవుననే మాట సమ్మతి కాదు. మూడింటిలోనూ నెగ్గిన తవ్వకాన్ని మేం వ్యతిరేకించం. అలాంటివి ఎన్ని మిగులుతాయో పాఠకులే లెక్క వేసుకోవచ్చు.

"ఊరూరికీ వద్దనే హక్కు ఇస్తే దేశం ఎలా నడుస్తుంది?" అని అడుగుతారు. ఇది తేలికగా కొట్టిపారేయగల ప్రశ్న కాదు. కానీ ఊరి పొలిమేర బయట వాడలను పెట్టి, మురికి పని వాళ్ల మీద వేసి, ఊరు నడవాలంటే ఇది తప్పదని శతాబ్దాలు చెప్పిన సమాజం మనది. "తప్పదు" అనే మాట ఎప్పుడూ ఒకే దిక్కుకు ఎందుకు పోతుందో వాడ నుంచి వచ్చిన మనం అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

వినయ పిటకంలో ఉదేన రాజు ఆనందుణ్ని ఇన్ని చీవరాలు ఏం చేస్తారని అడుగుతాడు. పాతవి దుప్పట్లు, తర్వాత పరుపు గలీబులు, ఆపైన కాళ్లు తుడిచే గుడ్డలు, ఆఖరికి మట్టిలో కలిపి నేలకు మెత్తుతామని ఆనందుడు లెక్క చెబుతాడు. దానం తీసుకున్నవాడు ఇవ్వవలసిన లెక్క అది. నేల నుంచి తీసుకున్నదానికీ మనం అలాంటి లెక్కే బాకీ ఉన్నాం. వచ్చే అక్టోబరు 14న దీక్షాభూమికి వెళ్లేటప్పుడు విహారానికో బస్సు మాట్లాడుకుందాం, లేదా రైలెక్కుదాం. ఇంటికో కారు వద్దు. ఆ ప్రయాణంలోనే గ్రామసభ హక్కుల చట్టాలు, 1996 పెసా, 2006 అటవీ హక్కుల చట్టం, కలిసి చదువుకుందాం. హస్‌దేవ్ ఊళ్ల నుంచి మళ్లీ ఎవరైనా నడిచి రాయ్‌పూర్ వస్తే, వారికి అన్నం పెట్టడంతో పాటు వారి కాగితాలు చదివి పక్కన నిలబడగలిగే ఉపాసకులు మన దగ్గర ఉండాలి.