ఎవరి నేరానికి ఎవరి సాక్ష్యం

ఆత్రేయపురం పేరు చెబితే ఎక్కడివాళ్లయినా పూతరేకుల గురించి అడుగుతారు. స్టూవర్టుపురం పేరు చెబితే ఏమీ అడగరు, జేబు తడుముకుంటారు. రెండూ తెలుగు ఊళ్లే. ఆత్రేయపురంలో పుట్టిన ప్రతివాళ్లకూ బోర్లించిన కుండ మీద రేకు తీయడం వస్తుందని ఎవరూ అనుకోరు. స్టూవర్టుపురంలో పుట్టిన ప్రతివాళ్లకూ కన్నం వేయడం వస్తుందని మాత్రం నమ్ముతారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే ఏడాది స్టూవర్టుపురం దొంగ మీద ఇంకో సినిమా వచ్చింది.

గోదావరి కాలవ గట్ల మీదా, లంకల అంచుల్లోనూ బుట్టలల్లుకుని, పందులు మేపుకుని బతికిన మన ఎరుకల కుటుంబాలకు బాపట్ల దగ్గరి ఆ ఊరితో చుట్టరికం ఉన్నా లేకపోయినా, ఆ పేరు నీడ మాత్రం వచ్చి పడుతూనే ఉంది. అందుకే ఒక విషయం మనలో మనం నిదానంగా మాట్లాడుకోవాలి. నేరం చేసినవాడు జైల్లో క్రీస్తును నమ్ముకుని మారిపోయాడని వింటుంటాం. సువార్త కూటాల్లో అలాంటివాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. జనం కన్నీళ్లు పెట్టుకుంటారు. ఆ కన్నీళ్లు దొంగవని మనం అనడం లేదు. మనలో చాలామందిమి ఆదివారం గుడికి వెళ్లేవాళ్లమే. కానీ సాక్ష్యం చెప్పే మన కుర్రాడు "నేను దొంగతనం చేశాను" అని మొదలుపెట్టకుండా "మాది దొంగల జాతి, ప్రభువు మమ్మల్ని రక్షించాడు" అని మొదలుపెడితే, అక్కడ మనకు గొంతు పట్టుకుంటుంది. ఆ "మాది" ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు ఒక మనిషి సంగతి చూద్దాం, జాతి సంగతి తర్వాత. ఆత్రేయపురం నుంచి బొబ్బర్లంక మీదుగా ఆనకట్ట దాటి ధవళేశ్వరం చేరితే, అక్కడి నుంచి రాజమండ్రి కేంద్ర కారాగారం ఎంతో దూరం లేదు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు దోచుకోబోయి, పెట్రోలు పోసి తగలబెట్టిన కేసులో ఉరిశిక్ష పడిన ఇద్దరు దళిత యువకులు ఆ జైల్లోనే ఉన్నారు. 23 మంది చనిపోయారు. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు. 1997 మార్చి నెలాఖరున తెల్లవారితే ఉరి అనగా సుప్రీంకోర్టు ఆపింది. హక్కుల సంఘాలవాళ్లూ రచయితలూ వాళ్ల కోసం ఊరూరా తిరిగారు. మరుసటి ఏడాది కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవ శిక్షగా మార్చారు. అప్పుడు రాష్ట్రమంతా వాదించుకున్న ప్రశ్న ఒకటే: మనిషి మారతాడా? మారతాడనే మన నమ్మకం. మారే వీలే లేదనుకుంటే బడి ఎందుకు, గుడి ఎందుకు, జైలు మాత్రం ఎందుకు? అయితే ఆ వాదనల హోరులో ఇంకో ప్రశ్న వెనక్కి పోయింది. ఆ 23 మంది తరఫున క్షమించగలిగిన వాళ్లెవరు? రాష్ట్రపతి శిక్ష తగ్గించగలరు. క్షమించడం ఆయన చేతిలో లేదు. పాస్టరుగారి చేతిలోనూ లేదు.

రెండేళ్ల తర్వాత మధ్యప్రదేశ్‌లో ఇంకో బస్సులో జరిగింది చూడండి. కేరళ నుంచి వచ్చిన రాణీ మరియా అనే కథోలిక సిస్టరు ఉదయ్‌నగర్ ప్రాంతంలో ఆదివాసుల మధ్య పనిచేసేది. వడ్డీ వ్యాపారుల పట్టు నుంచి వాళ్లను విడిపించే ప్రయత్నం చేసింది. 1995 ఫిబ్రవరి 25న ఇండోర్ వెళ్లే బస్సులో సమందర్ సింగ్ అనే యువకుడు ఆమెను యాభైకి పైగా పోట్లు పొడిచి చంపాడు. ఆమె పని కంటగింపైన పెద్దలు అతణ్ణి ఉసిగొలిపారు. అతనికి యావజ్జీవం పడింది. రాణీ మరియా చెల్లెలు, తనూ సిస్టరే, 2002లో జైలుకు వెళ్లి తన అక్కను చంపినవాడి చేతికి రాఖీ కట్టింది. అతణ్ణి విడుదల చేయమని ఆ కుటుంబమే సంతకం పెట్టింది. 2006లో బయటికొచ్చాడు. కేరళ వెళ్లి ఆమె తల్లి ముందు నిలబడ్డాడు.

ఈ కథలో మనల్ని ఆపేది అద్భుతం కాదు, వరుస. క్షమించే హక్కున్నవాళ్లు క్షమించారు. అతను చేసిన పనిని చేశానని ఒప్పుకున్నాడు. ఎవరికి అన్యాయం చేశాడో ఆ గడపకే వెళ్లాడు. (ఉసిగొలిపిన వడ్డీ వ్యాపారుల పశ్చాత్తాపం గురించి ఎవరూ పుస్తకాలు రాయలేదు. కత్తి పట్టినవాడికే మారుమనస్సు, డబ్బు పెట్టినవాడికి అదీ అక్కర్లేదు కాబోలు.)

బైబిలు చదివే మన పిల్లలకు రెండు కథలు బాగా తెలుసు. ఒకటి, యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగది. చివరి గంటలో ఒక్క మాట అన్నాడు, పరదైసు దొరికింది. ఎవరికీ పైసా తిరిగివ్వలేదు, ఇచ్చే వీలూ లేదు, చేతులకు మేకులున్నాయి. రెండోది జక్కయ్యది. పన్నులు వసూలు చేసినవాడు, సర్కారు అండతో జనాన్ని పిండినవాడు. యేసు అతనింటికి భోజనానికి వెళ్తే, తన ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగిస్తాననీ లేచి చెప్పాడు. కూటాల్లో మొదటి కథే ఎక్కువ వినపడుతుంది. అది త్వరగా అయిపోతుంది, గుండెను తాకుతుంది, ఎవరి జేబుకూ నష్టం లేదు. మాకైతే రెండోదే జైలు కథల్లో ముందు చెప్పదగ్గదిగా కనిపిస్తుంది. చేతులకు మేకులు లేనివాడు జక్కయ్య దారినే పోవాలి కదా.

ఇంకో సంగతి గమనించండి. సిలువ మీది దొంగ కూడా "మనం చేసినదానికి మనకు తగిన శిక్షే" అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ "మనం" ఎంతమంది? తానూ, రెండో సిలువ మీది మనిషీ. ఇద్దరే. తన తండ్రిని కలుపుకోలేదు, తన ఊరిని కలుపుకోలేదు. తండ్రి దోషం కొడుకు మోయడని యెహెజ్కేలు గ్రంథం పద్దెనిమిదో అధ్యాయం మొత్తం ఒకే మాటగా వాదిస్తుంది. ఆ పుస్తకం చేతపట్టుకుని వచ్చినవాళ్లు మన దగ్గర చేసింది వేరు.

ఆ చరిత్ర మన పిల్లలకు తెలియాలి, పాఠ్యపుస్తకంలో దొరకదు కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాం. ఎరుకల అన్న పేరే ఎరుక చెప్పడం నుంచి వచ్చిందంటారు. ఎరుకలవాళ్లు, తమిళ దేశంలో కొరవలు, గాడిదల మీదా ఎద్దుల మీదా కోస్తా ఉప్పును లోపలి జిల్లాలకు చేరవేసి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చిన తిరుగుడు వర్తకులు. తెల్లదొరలు ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టారు. రైలు వచ్చింది. 1876-78 కరువు వచ్చింది. వర్తకం పోయింది, తిరుగుడు మిగిలింది. పని లేకుండా తిరిగేవాడు దొరల కంటికి దొంగ. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఇక నేరం చేశాడా అన్న ప్రశ్నే లేదు, ఏ తల్లికి పుట్టాడన్నదే ప్రశ్న. వేలిముద్ర, హాజరు, పొలిమేర దాటాలంటే అనుమతి చీటీ.

ఈ జనాన్ని ఏం చేయాలన్నప్పుడు సాల్వేషన్ ఆర్మీ ముందుకొచ్చింది. సివిల్ సర్వీసు ఉద్యోగం వదిలేసి ఆ సంస్థలో చేరిన బూత్ టక్కర్ 1908లో గోరఖ్‌పూర్‌లో మొదటి సెటిల్‌మెంటు పెట్టాడు. నేరస్థులను నయం చేసే శాస్త్రమంటూ "క్రిమినోక్యురాలజీ" అని పుస్తకమే రాశాడు. నేరం వాళ్ల దృష్టిలో ఒక జబ్బు. మన ఆంధ్రలో 1913 ప్రాంతంలో వెలిసిన సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. ఒక దొర పేరును దొంగకు పర్యాయపదం చేసుకున్న ఊరు ఇదొక్కటే అయ్యుంటుంది. కావలిలో అమెరికన్ బాప్టిస్టులు ఇంకోటి నడిపారు. అక్కడ ప్రార్థన ఉంది, బడి ఉంది, సాగుకు భూమి ఉంది. హాజరు పట్టీ కూడా ఉంది. స్టూవర్టుపురం జనం చీరాల పొగాకు కంపెనీకి చౌక కూలీలయ్యారు. సంస్కరణ ఎక్కడ ముగిసిందో, కంపెనీ అవసరం ఎక్కడ మొదలైందో విడదీయడం కష్టం.

ఆ బడుల వల్ల మన పిల్లలు చదువుకున్నారన్నది నిజం. స్టూవర్టుపురంలో పుట్టి ఉపాధ్యాయులైనవాళ్లు, ఆఫీసర్లైనవాళ్లు ఉన్నారు. ఆ మేలు మరిచిపోతే మనమూ అన్యాయస్థులమే. మా తగవు ఆ బడితో కాదు. "అందరూ పాపులే" అన్న బోధ ఒక గొప్ప సమానత్వం. దాని ముందు కలెక్టరూ, మిషనరీ, ఎరుకల నాంచారీ ఒకే వరసలో నిలబడాలి. ఆ బోధ చెప్పిన నోరే సాయంత్రానికి హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలిస్తే, వరస విరిగిపోయింది. అందరూ పాపులు, వీళ్లు మాత్రం నేరస్థులు. పుట్టుకతో మోపిన నింద దేవుని దగ్గర ఒప్పుకోవలసిన పాపంగా మారింది. మన కుర్రాడి సాక్ష్యంలోని "మాది" వచ్చింది అక్కడి నుంచే. అది యెరూషలేము నుంచి రాలేదు, సిమ్లా కచేరీ నుంచి వచ్చింది.

బైబిల్లో జైల్లోనే జరిగిన మారుమనస్సు కథ ఒకటుంది. అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం. ఫిలిప్పీ పట్టణంలో పౌలునూ సీలనూ కొట్టి, కాళ్లకు బొండ వేసి లోపలి గదిలో పెట్టారు. అర్ధరాత్రి భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలెవరూ పారిపోలేదు. ఆ రాత్రి వణుకుతూ వచ్చి, నేనేం చేస్తే రక్షణ కలుగుతుందని అడిగింది ఖైదీ కాదు, జైలరు. అడిగి ఊరుకోలేదు, వాళ్ల గాయాలు కడిగి, ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టాడు. స్టూవర్టుపురంలో ఈ అధ్యాయం మీద ఎన్ని ప్రసంగాలు జరిగి ఉంటాయో, వింటున్నవాళ్లను ఎవరి స్థానంలో కూర్చోబెట్టి ఉంటారో ఆలోచించండి.

1947లో మద్రాసు ప్రభుత్వం, 1952లో దేశమంతా ఆ చట్టాన్ని రద్దు చేశాయి. పేరు పోలేదు. దొంగతనాలూ పూర్తిగా ఆగలేదు, అది దాచుకోవలసిన పనిలేదు. వేరే పని ఎవరూ ఇవ్వని చోట పోలీసులు మోపిన వృత్తే కొందరికి నిజమైన వృత్తి అయింది. 1970లలో అక్కడికి వెళ్లినవాళ్లు హేమలతా లవణం, లవణం. ఆమె మహాకవి గుర్రం జాషువా కూతురు, గోరా కోడలు. విజయవాడ నాస్తిక కేంద్రం మనుషులు. లవణం అంతకుముందు వినోబా భావే పాదయాత్రలో తెలుగు అనువాదకుడిగా నడిచినవాడు, చంబల్ బందిపోట్ల లొంగుబాటు సంగతి ఎరిగినవాడు. వాళ్లు దేవుడి పేరు ఎత్తలేదు. ఆ ఇళ్లలో కూర్చున్నారు, కేసుల సంగతి సర్కారుతో మాట్లాడారు, పని, భూమి, పిల్లల చదువు అడిగారు. కొందరు నిజంగానే మారారు. ప్రార్థనతో మారినవాళ్లున్నారు, ప్రార్థన లేకుండా మారినవాళ్లూ ఉన్నారు. విశ్వాసానికి శక్తి లేదని దీని అర్థం కాదు. మనిషిని మార్చేదాంట్లో, ఎదుటివాడు అతని ఇంట్లో కూర్చుని నీళ్లు తాగడం కూడా ఒక భాగమని మాత్రం అర్థమవుతుంది. జక్కయ్య కథలోనూ ముందు జరిగింది అదే.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్ష కేసులో తీర్పు చెప్పింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. విముక్త తెగల్లో పుట్టినందుకే మనిషిని అలవాటు నేరస్థుడిగా లెక్కించే జైలు నిబంధనలు చెల్లవంది. అంటే అప్పటిదాకా అవి పుస్తకంలో ఉన్నాయి. చట్టం రద్దయి డెబ్బై రెండేళ్లయ్యాక కూడా. ఈ తీర్పు తెలుగులో మన హాస్టలు పిల్లల చేత చదివించండి, ఉపాధ్యాయ మిత్రులారా. ఊళ్లో దొంగతనం జరిగితే మన వాడ వైపు మొదట జీపు తిరిగిన రోజున వాళ్లకు అది పనికొస్తుంది.

సాక్ష్యం చెప్పడానికి లేచే మన కుర్రాళ్లకు మాత్రం ఒక్క మాట మార్చమని చెప్పండి. "మాది" బదులు "నేను". నేను ఫలానా రోజున ఫలానావాళ్ల సెల్‌ఫోను తీశాను, ఇన్ని నెలలు లోపలున్నాను, అక్కడ ప్రభువును తెలుసుకున్నాను. అలా చెబితే సాక్ష్యం చిన్నదైపోతుంది, కూటం ఊగిపోదు, కానుకల సంచి కూడా కాస్త తేలికగానే తిరిగొస్తుందేమో. మిగిలిన సాయంత్రంలో ఆ ఫోను పోగొట్టుకున్నవాళ్ల ఇంటికి వెళ్లి రావచ్చు.