రోగికి తోడు నిలవడం కూడా ఇబాదతే



కర్నూలు పాతబస్తీలో ఓ జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఎన్నో ఏళ్లుగా షుగర్, రోజూ ఇన్సులిన్. “మౌల్వీ సాబ్! రంజాన్‌లో పగటిపూట ముద్ద తినాలంటే తలుపు వేసుకోవాల్సి వస్తోంది. ఎవరేమంటారోనని నిరుడు రోజా ఉన్నాను. అసర్ వేళకు కళ్లు తిరిగి పడిపోయాను” అన్నారు. జబ్బు కంటే ఆ సిగ్గే ఆయన్ను ఎక్కువగా కుంగదీసింది.

సోదరులారా! ఆ సిగ్గు ధర్మం నేర్పింది కాదు. బఖరా సూరా 184, 185 ఆయతుల్లో అల్లాహ్ రోగికి మినహాయింపునిచ్చాడు. మన సౌలభ్యాన్నే కోరుతున్నానని తెలియజేశాడు. కోలుకునే ఆశ ఉన్నవారు తర్వాత ఖజా రోజాలు ఉండాలి. ఆ ఆశ లేనివారు ఒక్కో రోజాకు బదులు ఒక పేదవానికి అన్నం పెట్టాలి. ఇదే ఫిద్యా.

హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మొలల వ్యాధితో బాధపడేవారు. ఆయన నమాజు గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (స) నిలబడి చేయమన్నారు, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చేయమన్నారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే సత్కార్యాల పుణ్యం జబ్బుపడినప్పుడూ రాయబడుతుందని కూడా శుభవార్తనిచ్చారు. ఈ రెండు హదీసులూ బుఖారీలో ఉన్నాయి. అల్లాహ్ లెక్కలో తగ్గని మనిషిని మనమెందుకు తక్కువ చేయాలి?

షుగర్, బీపీ, కిడ్నీ జబ్బులు ఒకరోజుతో పోయేవి కావు. అలాంటి రోగి బతుకు మందులతో పాటు ఇంటివారి మాట మీద, ఇరుగుపొరుగు తోడు మీద ఆధారపడి ఉంటుంది. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు పల్లెల నుండి కర్నూలు, కడప పెద్దాసుపత్రులకు వచ్చేవారున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఎందరికో చికిత్స ఖర్చు తగ్గింది. కానీ పక్కన కూర్చునే మనిషిని ఏ కార్డూ ఇవ్వదు.

కాబట్టి రంజాన్‌కు ముందే రోగిని డాక్టరుకు చూపించండి. రోజా ఉండవచ్చో లేదో, మందులు ఏ వేళకు మార్చాలో అడగండి. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా భంగం కాదు. 70 కంటే తగ్గితే వెంటనే రోజా విరమించాలి. ప్రాణాన్ని కాపాడుకోవడమూ ఆజ్ఞాపాలనే. రోజా లేనివారికి చాటుగా కాక, గౌరవంగా అన్నం పెట్టండి. మొహల్లా యువకులారా! వారంలో ఒక్కరోజైనా ఒక రోగి వెంట ఆసుపత్రికి వెళ్లండి.

అల్లాహ్ రోగులకు స్వస్థతను, సహనాన్ని, మనకు వారి సేవాభాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.