అడగకుండా పెట్టిన అమ్మ

1958 ఆగస్టు 15న బాపట్ల దగ్గరి జిల్లెళ్లమూడిలో ఒక పొయ్యి వెలిగింది. ఆ వంటశాల పేరు అన్నపూర్ణాలయం. ఆ ఊరి కరణం బ్రహ్మాండం నాగేశ్వరరావుగారి ఇల్లాలు అనసూయాదేవికి అప్పటికి ముప్పై అయిదేళ్లు. ఆమెను చూడ్డానికి వచ్చే జనం రోజురోజుకీ పెరుగుతున్నారు. గడప తొక్కిన మనిషి ఖాళీ కడుపుతో తిరిగి వెళ్లకూడదన్నది ఆమె పట్టుదల. జిల్లెళ్లమూడి అమ్మగా మనమంతా ఎరిగిన ఆ తల్లి 1985 జూన్ 12న దేహం చాలించారు. నలభై ఏళ్లు దాటాయి. ఆ పొయ్యి మాత్రం ఇంకా మండుతూనే ఉంది. వేళకు వెళ్లినవాళ్లకు ఇప్పటికీ విస్తరి వేస్తున్నారు.

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉన్న మనం ఆమెను తలుచుకోవలసిన అవసరం ఉంది. పాత రంగనాథస్వామి గుడి ఇక్కడే ఉంది. వైకుంఠ ఏకాదశినాడు తెల్లవారకముందే ఉత్తర ద్వారం దగ్గర బారులు తీరతాం. ఆ గుడి చుట్టూ అద్దాల మేడలు లేచాయి, ఇంకా లేస్తూనే ఉన్నాయి. వాటిని లేపుతున్నవాళ్లు విజయనగరం, శ్రీకాకుళం, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు. 2016 డిసెంబరులో ఇక్కడే కట్టుబడిలో ఉన్న ఏడంతస్తుల భవనం కూలి పదకొండు మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది అలా పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే. మన గేటు దగ్గర రాత్రంతా మేలుకునే వాచ్‌మన్, మన భోజనం సంచీలో పెట్టుకుని తన భోజనం వాయిదా వేసుకునే డెలివరీ కుర్రాడు, వీళ్లను తిన్నావా అని అడిగేవాళ్లు ఎందరు? ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే అమ్మ జీవితమంతా తిరిగింది.

ఆమె 1923 మార్చి 28న గుంటూరు జిల్లా మన్నవలో పుట్టారు. పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. 1936లో పెళ్లయింది, కొన్నేళ్లకు జిల్లెళ్లమూడి కాపురానికి వచ్చారు. అది చిన్న పల్లె. బాపట్ల-గుంటూరు రోడ్డు మీద ఏడోమైలు దగ్గర దిగి లోపలికి వెళ్లాలి. ఒకప్పుడైతే వానాకాలంలో బురద తొక్కుకుంటూ నడవాల్సిందే. ఆ రోజుల్లోనే ఆమె ఊళ్లో ఒక ఏర్పాటు చేశారు. ప్రతి ఇల్లాలూ ఎసట్లో పోసేముందు గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టాలి. అలా పోగైనదాన్ని కష్టంలో ఉన్నవాళ్లకు ఇవ్వాలి. దాన్ని ధాన్యపు బ్యాంకు అనేవారు. అప్పటికి ఆమెకు ఆశ్రమమూ లేదు, భక్తులూ లేరు. పిల్లలను సాకుకుంటూ, ఇంటిల్లిపాదికీ వండి వారుస్తున్న మామూలు గృహిణి. నాకు ఆమె చరిత్రలో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఈ గుప్పెడు బియ్యమే. తరవాత జరిగినదంతా అందులోంచి పెరిగిందే. 1960 ఆగస్టు 15న వచ్చినవాళ్లు ఉండడానికి వెలిసిన ఇంటికి అందరిల్లు అని పేరు పెట్టారు. 1973లో జరిగిన ఆమె స్వర్ణోత్సవాల్లో లక్షమందికి భోజనాలు పెట్టారు.

తాను గురువును కాననీ, వచ్చినవాళ్లు శిష్యులు కారనీ, అందరూ తన బిడ్డలేననీ ఆమె పదేపదే చెప్పేవారు. ఎవరినీ ఫలానా మార్గంలోనే నడవమని శాసించలేదు. ఆస్తికుడూ నాస్తికుడూ ఒకే బంతిలో కూర్చున్నారు. కులం అడగలేదు. మంచివాడా చెడ్డవాడా అనీ అడగలేదు. అన్నం పెట్టడానికి ఆకలి ఒక్కటి చాలు, వేరే యోగ్యత అక్కర్లేదన్నది ఆమె నిశ్చయం. తాను మాత్రం ఏళ్ల తరబడి దాదాపు ఏమీ తినకుండానే గడిపారని చెబుతారు. బిడ్డలు తినకపోతేనే తాను చిక్కిపోతానని చెప్పేవారట. చివరికి అందరికీ సుగతేననీ ఆమె అభయమిచ్చారు. పాపపుణ్యాల లెక్కలతో బెంగపడే మనకు ఇంతకన్నా ధైర్యం ఎవరు చెప్పగలరు?

గురువును కానన్నా ఆమె నేర్పించింది చాలా ఉంది. 1971లో జిల్లెళ్లమూడిలో ఓరియంటల్ కళాశాల వచ్చింది. ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు అన్నపూర్ణాలయంలో తిని, అక్కడే ఉండి, సంస్కృతం, తెలుగు చదువుకుని బడుల్లో భాషాపండితులయ్యారు. అంతకు మూడేళ్లముందు, 1968లో, ఆమె కూతురు హైమ చిన్న వయసులో కన్నుమూసింది. ఎదుటివాళ్ల బాధ చూసి తల్లడిల్లే పిల్ల అని ఆమెను ఎరిగినవాళ్లు చెబుతారు. ఆ బిడ్డ సమాధిస్థానమే హైమాలయమైంది. కడుపుకోతలోనూ ఆ తల్లి వంటశాల తలుపు మూయలేదు.

అన్నదానం భక్తిలో మొదటి మెట్టనీ, పైన జపధ్యానాలున్నాయనీ కొందరు పెద్దలంటారు. వాళ్లమీద గౌరవం ఉంది, ఆ మాట మాత్రం నేను ఒప్పుకోలేను. ఎదుటివాడి ఆకలి తన కడుపులో తెలియడం ఎంత జపం చేస్తే వస్తుంది? అమ్మకు అది సహజంగా వచ్చింది. మనం సాధన చేసి తెచ్చుకోవాలి. ఆ సాధనకు హిమాలయాలకు వెళ్లనక్కర్లేదు, మన వంటింట్లోనే మొదలవుతుంది. తనకున్నది తృప్తిగా తినడం, ఇతరులకు ఆదరణగా పెట్టడం, అంతా భగవంతుడే చేయిస్తున్నాడని నమ్మడం, ఇంతే ఆమె చెప్పిన పద్ధతి. ఇందులో ఆదరణ అనేదే కష్టం. మిగిలిపోయినది ఎవరైనా ఇస్తారు. కూర్చోబెట్టి, వేడివేడిగా వడ్డించి, మారు అడగడం దాన్ని మించిన పని.

మన అపార్ట్‌మెంట్లలో వందల వంటిళ్లున్నాయి. ఒక్కో ఇంటినుంచి రోజుకు గుప్పెడు బియ్యం తీస్తే వారం తిరిగేసరికి కొన్ని బస్తాలవుతాయి. పక్క సైటులో రేకుల షెడ్లలో ఉంటున్న కుటుంబాలకు ఆదివారం మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర, మజ్జిగ పెట్టడానికి అవి సరిపోతాయి. కమిటీ మీటింగు దాకా ఆగకండి. ఈ సాయంత్రం బియ్యం కడిగేముందు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టండి, పక్కింటివాళ్లకూ చెప్పండి. ఆదివారం వండుకుని వెళ్లి, మీ చేత్తో వడ్డించండి.