ముందు మంట, తర్వాత మాట

చదువు కోసం పరాయి దేశం వెళ్లినవారు విద్యార్థి కావడానికి ముందే అతిథి అవుతారు. భాష రాదు, దారి తెలియదు. ఇంటిపేరు చెప్పినా, తాతగారి పలుకుబడి చెప్పినా అక్కడ ఎవరికీ పట్టదు. బస్సు ఎక్కడ ఎక్కాలో ఒకరు చూపాలి, రొట్టె ఎక్కడ దొరుకుతుందో మరొకరు చెప్పాలి. అహం పలచబడటానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. చదువు పేరిట మధ్యధరా సముద్రంలోని మాల్టాలో గడిపిన రోజుల్ని తలచుకుంటే, పాఠాలకన్నా ముందు ఆ దీవి అతిథి కథే మనసులో మెదులుతుంది.

సిసిలీకి దక్షిణాన ఉన్న ఈ దేశం మొత్తం వైశాల్యం 316 చదరపు కిలోమీటర్లే. దాని ప్రాచీన రాతి ఆలయాలు కొన్ని ఈజిప్టు పిరమిడ్లకన్నా పాతవి. ఫినీషియన్లు, రోమన్లు, అరబ్బులు, నార్మన్లు, ఫ్రెంచివారు, బ్రిటిష్‌వారు... దీన్ని ఏలడానికి వచ్చినవారు ఎందరో. అయినా మాల్టా జనం నేటికీ భక్తితో తలచుకునేది, ఓడ పగిలి ఒడ్డుకు చేరిన ఒక ఖైదీని. ఆయన క్రీస్తు సందేశాన్ని ప్రచారం చేసిన పౌలు. ఏటా ఫిబ్రవరి 10న ఆయన ఓడ పగిలిన ఘట్టాన్నే పండుగగా జరుపుకొంటారు.

ఆ కథ బైబిల్‌లోని అపొస్తలుల కార్యముల గ్రంథంలో ఉంది. సుమారు క్రీస్తుశకం 60లో పౌలును విచారణకు రోముకు తీసుకెళుతున్న ఓడ తుపానులో చిక్కుకుంది. అందులో మొత్తం 276 మంది. ఖైదీలు, వారికి కాపలా సైనికులు, నావికులు. రెండు వారాలు అలల మీద అల్లాడి, చివరికి కొందరు ఈదుకుంటూ, కొందరు చెక్కల్ని పట్టుకుని ఒడ్డుకు చేరారు. వాన పడుతోంది, చలి కొరుకుతోంది. దీవివాసులు వెంటనే మంట వేసి అందర్నీ దగ్గరకు చేర్చుకున్నారు. పౌలు కూడా పుల్లలు ఏరి మంటలో వేయబోతే, వేడికి బయటికొచ్చిన పాము ఆయన చేతిని పట్టింది. చూసినవారు ‘ఇతను హంతకుడై ఉంటాడు, సముద్రం వదిలినా ధర్మం వదల్లేదు’ అనుకున్నారు. ఎంతసేపటికీ ఆయనకు ఏమీ కాకపోయేసరికి ‘దేవుడే’ అన్నారు.

ఈ కథలో చాలామంది పామును గుర్తుంచుకుంటారు. గుర్తుంచుకోవాల్సింది మంటను. హంతకుడన్న తీర్పు తప్పు, దేవుడన్న తీర్పూ తప్పే. ఆ రెండు తీర్పులకూ ముందు, ఎవరు ఏమిటో తెలియనప్పుడే వేసిన మంట ఒక్కటే ఒప్పు. అది ఖైదీకీ, అతడి కావలివాడికీ ఒకే వెచ్చదనం ఇచ్చింది. మనిషిని చూడగానే అంచనా కట్టడం బుద్ధి స్వభావం. అంచనా కట్టేలోగా చేయి అందించడం సాధన వల్ల వచ్చే సుగుణం.

మన భాగవతంలోని రంతిదేవుడనే రాజు చేసిందీ ఇదే. 48 రోజులు నీళ్లు కూడా లేకుండా గడిపాక దొరికిన ఆహారాన్ని ముందు విప్రుడికి, తర్వాత శూద్రుడికి, ఆపై కుక్కలతో వచ్చినవాడికి పెట్టాడు. మిగిలిన కాసిని నీళ్లు తాగబోతుంటే, సమాజం అంటరానివాడిగా చూసే పుల్కసుడొకడు దాహమన్నాడు. అవీ ఇచ్చేశాడు. వచ్చినవారి వెనుక దేవతలున్నారని ఆయనకు తెలియదు. తెలిసి ఇచ్చి ఉంటే అది బేరమయ్యేది.

ఒకసారి చూపిన కరుణ శాశ్వతంగా నిలిచిపోదని కూడా మాల్టాయే చెబుతుంది. 1530లో అక్కడికి వచ్చిన సెయింట్ జాన్ నైట్లు అనే క్రైస్తవ యోధులు వాలెట్టా నగరంలో 1574లో గొప్ప ఆసుపత్రి నిర్మాణం మొదలుపెట్టారు. రోగులే తమ ప్రభువులన్నది వారి నియమం. ఉన్నత వంశాల్లో పుట్టిన ఆ యోధులు వంతులవారీగా వార్డుల్లో సేవ చేసేవారు, రోగులకు వెండి పాత్రల్లో ఆహారం పెట్టేవారు. అదే నైట్లు సముద్రం మీద పట్టుకున్న మనుషుల్ని బానిసలుగా చేసి, గొలుసులతో కట్టి తమ నౌకల్లో తెడ్లు వేయించారు. గోడల లోపల ప్రభువైన మనిషి గోడ దాటితే సరుకయ్యాడు. సేవకు హద్దు గీసిన చోటే భక్తి ఆచారంగా మిగిలిపోతుంది.

ఇవాళ్టికీ అదే సముద్రంలో, ఆఫ్రికా తీరం నుంచి చిన్న పడవల్లో బయలుదేరి వేలమంది మునిగిపోతున్నారు. ఒడ్డు చేరినవారిని ఎవరు ఆదుకోవాలన్న దానిపై దేశాలు వాదించుకుంటున్నాయి. పౌలు పండుగ చేసుకునే దీవికీ ఈ పరీక్ష తప్పలేదు.

మనకూ తప్పదు. పిల్లల్ని పై చదువులకు దేశాలు దాటిస్తున్న తెలుగు ఇళ్లు లెక్కలేనన్ని. అక్కడ మన బిడ్డకు గది దొరకాలని, జ్వరమొస్తే పక్కింటివారు పలకరించాలని దేవుడికి దండం పెట్టుకుంటాం. ఇక్కడ మాత్రం గది అద్దెకు అడిగినవారిని కులం, తిండి అడిగి గుమ్మం నుంచే పంపేస్తాం. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కూలీ పేరైనా తెలుసుకోం. మన ప్రార్థన నిజమైనదైతే, పరదేశంలో మన బిడ్డకు ఏం దక్కాలని కోరుకుంటున్నామో అది మన వీధికి వచ్చిన పరాయివాడికి మన చేతుల మీదుగా దక్కాలి. ముందు మంచినీళ్లు ఇద్దాం. ఊరూ పేరూ తర్వాత అడుగుదాం.