జట్టు ఋణం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ స్థానం పంచుకోవడానికి వీల్లేనిది. దాడికి దిగిన పదకొండు మందిలో దాదాపు ప్రతి ఎత్తుగడా అతని చేతిలోంచే మొదలవుతుంది. బంతిని ఎవరికి విసరాలో, ఎవరి చేతికి అందించాలో రెండు మూడు సెకన్లలో తేల్చేది అతనే. క్రికెట్ జట్టులో ఇద్దరు మంచి వికెట్ కీపర్లుంటే రెండోవాణ్ని బ్యాట్స్‌మన్‌గానైనా ఆడించుకోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఒకడు ఆడితే రెండోవాడు గీతకు అవతల నిలబడి చూడాల్సిందే. అందుకే ఏళ్ల తరబడి జట్టును మోసిన క్వార్టర్‌బ్యాక్‌కు వయసు మీదపడినప్పుడు వచ్చే చిక్కు ఆటతో ఆగదు. పొందిన మేలుకు బదులు ఏమివ్వాలి, ఎవరివ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి అన్న పాత ధర్మసందేహం అందులో ఉంది.

ఈ సందేహం 2008లో గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుకు ఎదురైనంత సూటిగా మరొకరికి ఎదురవలేదనవచ్చు. విస్కాన్సిన్ రాష్ట్రంలో లక్ష జనాభా ఉన్న ఊరు గ్రీన్ బే. 1919లో పుట్టిన ఆ జట్టుకు యజమాని అంటూ ఒక కోటీశ్వరుడు లేడు. 1923 నుంచి అది వాటాదారులది. ఆ వాటాకు డివిడెండు రాదు, బజారులో అమ్ముకోవడానికీ కుదరదు. అలాంటి జట్టులోకి క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ 1992లో వచ్చాడు. ఆ సెప్టెంబరులో అప్పటి క్వార్టర్‌బ్యాక్ డాన్ మజ్‌కావ్‌స్కీ గాయపడి మ్యాచ్ మధ్యలో తప్పుకుంటే బరిలోకి దిగాడు. మరుసటి వారం నుంచి ప్యాకర్స్ తరఫున వరసగా 253 లీగ్ మ్యాచ్‌లు ఒక్కటీ తప్పకుండా ఆరంభించాడు. 1997 జనవరిలో లీగ్ తుదిపోరు సూపర్ బౌల్ గెలిపించాడు. 2003 డిసెంబరులో తండ్రి పోయిన మర్నాడే ఓక్లాండ్‌లో ఆడి 399 గజాల మేర బంతిని విసిరాడు. ఊళ్లో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

2005లో జట్టు ఆరన్ రాడ్జర్స్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. అతను మూడేళ్లు పక్కన కూర్చున్నాడు. 2008 జనవరిలో, గడ్డకట్టే చలిలో, న్యూయార్క్ జెయింట్స్‌తో అదనపు సమయంలో ఫార్వ్ విసిరిన బంతి ప్రత్యర్థి చేతిలో పడింది; సూపర్ బౌల్ అవకాశం పోయింది. మార్చిలో ఆయన కంటతడి పెట్టి ఆట మానేస్తున్నానన్నాడు. జులైలో మళ్లీ ఆడతానన్నాడు. అప్పటికే స్థానం రాడ్జర్స్‌కు ఇచ్చేసిన జట్టు, ఆగస్టులో ఫార్వ్‌ను న్యూయార్క్ జెట్స్‌కు పంపేసింది.

జీతం తీసుకుని ఆడినవాడికి ఇంకా ఋణపడటమేమిటి అన్నది మొదటి ప్రశ్న. మొదటి శతాబ్దపు రోమన్ తాత్వికుడు సెనెకా, మేలు చేయడం, పొందడం అన్న విషయం మీదే ఒక పెద్ద గ్రంథం రాశాడు. వైద్యుడికి, గురువుకు రుసుము చెల్లించాక బాకీ తీరినట్టేనా అని అందులో తర్కించాడు. రుసుము వాళ్ల శ్రమకు సరిపోతుంది. ఒప్పందంలో లేని ఆదరంతో, స్నేహితుడిలా చూసుకున్నవాడికి మాత్రం బాకీ మిగిలే ఉంటుందని ఆయన అభిప్రాయం. తండ్రి శవం ఇంకా లేవకముందే బరిలోకి దిగమని ఏ ఒప్పందమూ అడగదు. కనుక ఋణం ఉంది.

అయితే ఋణగ్రస్తుడెవరు? 1992 నాటి ఆటగాళ్లు 2008కి లేరు, మేనేజరు మారాడు, శిక్షకుడు మారాడు. రథమంటే చక్రమా, ఇరుసా, కాడా అని బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళింద రాజును అడిగినట్టే ఇక్కడా అడగవచ్చు. ఏ ఒక్కటీ రథం కాదు, అవన్నీ కూడిన దానికి పెట్టుకున్న పేరే రథం. ఆ సంవాదంలోనే రాత్రంతా వెలిగే దీపం ఉపమానం కూడా వస్తుంది: తొలిజాము జ్వాల, కడజాము జ్వాల ఒకటీ కాదు, వేరూ కాదు. జట్టు కొనసాగేది అలాగే. పాత విజయాలను తనవని చెప్పుకునే జట్టు, పాత బాకీలు మాత్రం తనవి కావనలేదు.

అసలు పేచీ బాకీ తీర్చే రూపంలో ఉంది. మంచి వేణువు ఎవరికివ్వాలంటే బాగా వాయించేవాడికి అని అరిస్టాటిల్ జవాబు. గొప్ప వంశానికో, ధనానికో కాదు. గత సేవకూ కాదని దాన్ని పొడిగించవచ్చు. ఫార్వ్ పక్షాన వాదించినవారు కృతజ్ఞతను స్థానం రూపంలో చెల్లించమన్నారు. కానీ స్థానం ఒక్కటే కాబట్టి ఆ చెల్లింపు మూడోవాడి జేబులోంచి జరుగుతుంది. మహాభారతంలో యయాతి కథ సరిగ్గా ఈ చోటుదే. శుక్రుడి శాపంతో ముసలితనం వచ్చిన రాజు కొడుకుల యౌవనం అడిగాడు. నలుగురు కాదన్నారు, చిన్నవాడు పూరుడు ఇచ్చాడు. వెయ్యేళ్లు అనుభవించాక కోరిక తీరదని తెలుసుకుని, యౌవనాన్నీ రాజ్యాన్నీ పూరుడికే అప్పగించి యయాతి అడవికి వెళ్లాడు. కథ యయాతిని తిట్టదు. యౌవనానికి లెక్క ఉందనీ, ఒకరు వాడుకున్నది మరొకరు వదులుకున్నదేననీ మాత్రం చూపుతుంది. రాడ్జర్స్ కూర్చున్న మూడేళ్లు అలాంటివే. తేడా ఏమిటంటే అతణ్ని ఎవరూ అడగలేదు.

మార్చిలో మానేస్తానన్న మాట ప్రతిజ్ఞ కాదా అని ఫార్వ్‌ను నిలదీసినవారు చాలామంది. అలసటలో తన సంగతి చెప్పుకోవడం ఎవరికీ ఇచ్చిన మాట కాదు. అయినా ఆ మాట నమ్మి జట్టు మరొకరికి మాటిచ్చింది. అక్కడ దానికి బరువు వచ్చింది. నిష్క్రమణ ముహూర్తాన్ని మనిషి మనసుకే వదిలేస్తే ఇలాగే ఊగిసలాడుతుందని స్మృతికారులకు తెలిసినట్టుంది. ముడతలు, నెరిసిన జుట్టు, మనవడి ముఖం చూశాక వానప్రస్థమని మనుస్మృతి బయటి గుర్తులు పెట్టింది. ఆటగాడికి అలాంటి గుర్తులు లేవు. 2023 ఫిబ్రవరిలో మానాలా వద్దా అన్న ప్రశ్నతోనే రాడ్జర్స్ ఆరెగాన్‌లో కొన్ని రోజులు చీకటిగదిలో గడిపాడు. ఈసారి వరసలో నిలబడి ఉన్నవాడు జోర్డన్ లవ్. అతనూ మూడేళ్లే కూర్చున్నాడు.

జట్టు నిర్ణయం సరైనదేనని ఫలితాలతో రుజువు చేయడం కష్టం. 2008లో రాడ్జర్స్ చేతిలో జట్టు 6 గెలిచి 10 ఓడింది. 2009లో నలభయ్యేళ్ల ఫార్వ్, ప్యాకర్స్‌కు బద్ధవిరోధి అయిన మిన్నెసోటా తరఫున ఆడి పాత జట్టును రెండుసార్లు ఓడించాడు. 2011 ఫిబ్రవరిలో రాడ్జర్స్ సూపర్ బౌల్ గెలిచాడు. ఏ ఏడాది తీర్పు చెబితే ఆ ఏడాది ధర్మం మారిపోతుంది. నిర్ణయాన్ని అది జరిగిన రోజున తెలిసిన సంగతులతోనే తూచాలి. 2008 జులైలో తెలిసినవి రెండే: పెద్దాయన ఇంకా ఆడగలడు, చిన్నవాడికి మాట ఇచ్చేశారు.

బాకీని వేరే రూపంలో తీర్చుకోవడానికి జట్టుకు ఏడేళ్లు పట్టింది. 2009లో మిన్నెసోటా ఆటగాడిగా ప్యాకర్స్ సొంత మైదానం లాంబో ఫీల్డ్‌కు వచ్చిన ఫార్వ్‌ను జనం గేలిచేశారు. 2015లో ఆయన 4వ నంబరును ఇక ఎవరూ తొడగకుండా గౌరవించి, నవంబరు 26న అదే మైదానంలో దానికి వేడుక జరిపారు. అరవైలలో జట్టును ఏలిన క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్, ఒళ్లు సహకరించకపోయినా ఆ వేడుకకు వచ్చాడు. ఆ రాత్రి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడింది రాడ్జర్స్. షికాగో బేర్స్ చేతిలో ప్యాకర్స్ 17-13తో ఓడింది.