నారు పోయకముందే చెప్పు

బిడ్డా,

నీ ఫోను వచ్చిన రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధమవుతుంది, బాగానే పడుకున్నాను. పొద్దున లేవగానే మాత్రం ఆ కిరాణా షాపులవాళ్లే యాదికొచ్చారు. ఉద్దెర లెక్కల యాప్‌తో మొదలైన మీ కంపెనీ ఇప్పుడు హోల్‌సేల్ సరుకుల్లోకి మారుతోందన్నావు. పాత యాప్ మార్చి ఆఖరుకు బంద్. షాపులవాళ్లు అడిగితే ‘నడుస్తూనే ఉంటుంది’ అనాలని పైవాళ్ల మాట. ఏం చేయను మామా అన్నావు.

మారడం తప్పు కాదు. మన నిజామాబాద్ పిల్లగాడు సామ ఫణీంద్రకు 2005 దీపావళికి బెంగళూరు నుంచి బస్సు టికెట్ దొరకలేదు. ఇద్దరు దోస్తులతో కలిసి ముందు ట్రావెల్స్‌వాళ్ల కోసం సాఫ్ట్‌వేర్ రాశాడు. వాళ్లు పట్టించుకోలేదు. దాంతో తామే టికెట్లు అమ్మడానికి దిగారు. 2006లో అలా మొదలైన రెడ్‌బస్‌ను 2013లో ఇబిబో గ్రూపు కొనుక్కుంది. అయితే వాళ్లు దారి మార్చుకున్ననాడు ఆ సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుని ఎవరూ లేరు. మీ యాప్‌లో ఊళ్లకు ఊళ్ల బాకీలున్నాయి. నోటుబుక్కు పక్కన పడేసి ఫోన్లో రాసుకున్నవాళ్లు, ఒకనాడు అది తెరుచుకోకపోతే ఎవరిని ఏమని అడుగుతారు?

మన పోచారం ప్రాజెక్టు కింద పది వేల ఎకరాల పైచిలుకు ఆయకట్టు. యాసంగిలో అందరికీ నీళ్లు చాలవు, ఏ జోన్, బీ జోన్ అని వంతులు. లస్కరుగా కాలువ మీద తిరిగిన రోజుల్లో ఆఫీసు నిర్ణయం మారిందంటే నాకు గుండె దడ. నారు పోయకముందు చెబితే రైతు నాలుగు తిట్లు తిట్టి జొన్నో శనగో చూసుకునేవాడు. పోశాక తెలిస్తే విత్తనం, దున్నిన కిరాయి, తెచ్చిన అప్పు అన్నీ మట్టిపాలే. నిర్ణయం నా చేతిలో లేదు. చెప్పడం నా చేతిలో ఉంది.

కాబట్టి పైవాళ్లకు మెయిల్ రాయి, నోటిమాటగా వద్దు. షాపులకు ఏ తేదీన చెబుతారు, లెక్కలు దింపుకోవడానికి ఎన్నిరోజులిస్తారు? జవాబు రాకపోతే మళ్లీ రాయి. ‘నడుస్తుంది’ అన్న మాట మాత్రం నీ నోట రానీయకు. ‘నేను హామీ ఇవ్వలేను, పుస్తకంలో కూడా రాసుకోండి’ అను. ఉద్యోగం పోదా అంటే, పోవచ్చు. కిస్తీలు కట్టేదానివి, మూడు నెలల జీతమైనా పక్కన పెట్టుకో. చేతిలో పైస లేనివాడికి నిజం చెప్పడం చాలా కష్టం.

మేమంతా ఒకే కుటుంబం అని మీ సీఈఓ అంటే నవ్వి ఊరుకో. కుటుంబంలో నోటీసు పీరియడ్ ఉండదు. షేర్లు ఇస్తామన్న కాగితం మాత్రం పూర్తిగా చదువు. అవి ఏడాది గడవందే నీవి కావు. ఆ తర్వాత ఏ ఏటికి ఎన్ని నీవవుతాయో, నడుమ మానేస్తే ఏమవుతాయో అందులోనే రాసి ఉంటుంది.

ఇంకో సంగతి. మన ఊరి కిరాణా దుకాణంలో కూడా మీ యాపే. నిన్న ఉప్పు ప్యాకెట్‌కు పోతే అతను నా లెక్క అందులోనే ఎక్కించాడు. నోటిదాకా వచ్చింది కానీ ఆగాను. నేను అంటే ఆ మాట నీ దగ్గర్నుంచే వచ్చిందని తెలిసిపోతుంది. ఆదివారం దాకా చూస్తాను, ఈలోపు మెయిల్ పంపి నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త సకినాలు బస్సులో వేయించింది, ఎల్లుండి తీసుకో.

నీ మామ
పోచారం